బ్రూస్‌లీ బస్కీలు

మా ఊళ్ళో టూరింగు టాకీసు ఉన్న రోజుల్లో, అంటే 1980ల నడిమి కాలంలో, ఒక వేసవి రాత్రి 'ఎంటర్ ది డ్రాగన్' ఆడింది. 1973లో విడుదలైన ఆ చిత్రం మా గుడారానికి చేరేసరికి రీలు నిండా గీతలు, మధ్యమధ్య అతుకులు. సంభాషణలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయన్న సంగతి ఎవరికీ పట్టలేదు. నేల టిక్కెట్టు కొని ఇసుకలో కూర్చున్న మా పిల్లలందరికీ పట్టింది ఒక్కటే, చొక్కా లేని ఆ మనిషి వీపు. ఊపిరి పీల్చినప్పుడల్లా అది పాము పడగ విప్పినట్లు విచ్చుకునేది. మరునాటి నుంచి ఊళ్ళో రెండు కర్ర ముక్కలు, ఒక జానెడు సైకిలు చైను దొరకడం గగనమైపోయింది. ప్రతి కుర్రవాడి మోచేతికీ, నుదుటికీ బొప్పులే.

ఆ రాత్రి నన్ను వెంటబెట్టుకుని వచ్చినవారు మా తాతగారు. ఆయన చిన్నతనంలో ఊరి తాలీంఖానాలో సాము నేర్చినవారు. ఎనభై ఏళ్ళ వయసులోనూ నేలమీద కూర్చుంటే చేయి ఆన్చకుండా లేచేవారు. చీకట్లో గట్టు వెంట ఇంటికి నడుస్తూ, అప్పటిదాకా ఏమీ మాట్లాడని మనిషి, ఉన్నట్టుండి, "ఒరే అబ్బాయ్, వాడు చేతులతో కొడుతున్నాడని మీరంతా ఈలలు వేస్తున్నారు గానీ, బలమంతా తొడల్లో ఉందిరా. వాడు బస్కీలు తీసిన మనిషి" అన్నారు.

నేను నవ్వాను. చైనావాడు బస్కీలు తీయడమేమిటని నా ధీమా. ఆ నవ్వుకు దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత సిగ్గుపడవలసి వచ్చింది.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా మేనల్లుడు. పంతొమ్మిదేళ్ళవాడు. ఈ మధ్య సెలవులకు వచ్చి, చేతిలో ఫోను పట్టుకుని, "మావయ్యా, ఇదిగో బ్రూస్‌లీ వ్యాయామ పట్టిక, తిండి పట్టిక. రేపటినుంచి ఉన్నది ఉన్నట్టు ఇదే చేస్తాను" అన్నాడు. ఆ పట్టికను నేనెరుగుదును. దాన్ని ఉన్నది ఉన్నట్టు చేసి మంచం పట్టినవాణ్ణి నేనే. వాడికి నోటితో చెప్పినదానికంటె కొంచెం వివరంగా, వరుసగా చెప్పాలన్న కోరికతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చదువరులలో అలాంటి పట్టికను గోడకు అంటించుకున్నవారు ఇంకెవరైనా ఉంటే వారికీ పనికిరావచ్చు.

* * *

2003లో నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ ఉండేవాణ్ణి. ఆదివారాలు ఆబిడ్స్ కాలిబాటల మీద పరచిన పాత పుస్తకాల మధ్య తిరగడం ఒక వ్యసనం. అక్కడ ఒక రోజు జాన్ లిటిల్ కూర్చిన 'ది ఆర్ట్ ఆఫ్ ఎక్స్‌ప్రెసింగ్ ది హ్యూమన్ బాడీ' అనే పుస్తకం దొరికింది. 1998లో అచ్చయిన ఆ గ్రంథం బ్రూస్‌లీ తన చేత్తో రాసుకున్న వ్యాయామ పట్టికలనూ, దినచర్య పుస్తకాలనూ ఆధారం చేసుకుని తయారైనది. చిన్ననాటి దేవుడి స్వదస్తూరీ దొరికినంత సంబరపడ్డాను.

అందులో 1965 మే నుంచి జులై దాకా హాంకాంగులోని ఒక వ్యాయామశాలలో అతను చేసిన కసరత్తుల చీటీ ఉంది. భుజాల మీద 95 పౌండ్ల బరువుతో, అంటే సుమారు 43 కిలోలతో, గొంతుక్కూర్చుని లేవడం పదేసి చొప్పున మూడు విడతలు. తల వెనక్కు 64 పౌండ్ల కమ్మీని దించి ఎత్తడం ఆరేసి చొప్పున నాలుగు విడతలు. ఇంకా జబ్బలకు, మణికట్లకు, పొట్టకు, పిక్కలకు విడివిడిగా అంకెలు. చూడగానే నాకు తోచింది ఒకటే: ఇందులో అసాధ్యమేముంది? బరువులు మరీ పెద్దవి కావు. మనిషీ మన కొలతవాడే, ఐదడుగుల ఏడంగుళాలు దాటి అర అంగుళం.

మిగతా పుస్తకం చదవకుండానే ఆ పేజీని జిరాక్సు తీయించి, ఇంటికి దగ్గరలోని వ్యాయామశాలలో చేరాను. మూడు వారాలు బాగానే గడిచింది. నాలుగో వారంలో ఒక సాయంత్రం, తొమ్మిది గంటలు ఆఫీసు కుర్చీలో కూర్చుని నేరుగా వెళ్ళి, ఒళ్ళు వేడెక్కకుండానే కమ్మీని భుజాలకెత్తుకుని గొంతుక్కూర్చున్నాను. లేస్తూండగా నడుములో ఏదో పటుక్కుమన్నది. పక్కనున్నవాళ్ళు కమ్మీ అందుకోకపోతే ఏమయ్యేదో తెలియదు.

మూడు వారాలు మంచం మీద ఉన్నాను. అప్పటికి మా అమ్మాయి ఆరు నెలల పిల్ల. పక్కమీద పాకుతూ వచ్చి నా చొక్కా పట్టుకుని లేచి నిలబడాలని చూసేది. దాన్ని ఎత్తుకోవడానికి వీల్లేదు. ఆ మూడు వారాలలో నన్ను బాధించింది నడుము నొప్పి కంటె అదే ఎక్కువ.

చేయడానికేమీ లేక, జిరాక్సు తీయించిన ఒక్క పేజీ తప్ప తక్కిన పుస్తకమంతా అప్పుడు చదివాను.

* * *

బ్రూస్‌లీ 1940 నవంబరు 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టి, హాంకాంగులో పెరిగాడు. తండ్రి కాంటనీస్ సంగీత నాటకాల నటుడు. కుర్రతనంలో ఇప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ విద్య నేర్చాడు. 1958లో హాంకాంగులో చా-చా నృత్యపు పోటీలోనూ గెలిచాడు. 1959లో అమెరికా తిరిగి వెళ్ళి, సియాటిల్‌లో చదువుకుంటూ కుంగ్‌ఫూ నేర్పి, 1964లో ఓక్లాండు చేరాడు. అప్పటికి అతనికి తన విద్య మీద తిరుగులేని నమ్మకం. రెండు వేళ్ళ మీద దండీలు తీసి, ఒక్క అంగుళం దూరం నుంచి గుద్ది మనిషిని కుర్చీలో పడవేసి, ఆ ఏడాది లాంగ్‌బీచ్ కరాటే పోటీలలో జనాన్ని నివ్వెరపరచిన మనిషి.

ఆ ఏడాది చివర ఓక్లాండు పాఠశాలలో, వాంగ్ జాక్ మాన్ అనే మరొక కుంగ్‌ఫూ నిపుణునితో కొద్దిమంది ఎదుట ఒక పోటీ జరిగింది. అది ఎంతసేపు సాగిందన్న దానిమీద ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. బ్రూస్‌లీ భార్య లిండా, ఆ రోజు అక్కడే ఉన్నది, మూడు నిమిషాలు అన్నది. ఎదుటి పక్షం వారు ఇరవై నిమిషాలకు పైగా అన్నారు. ఫలితం మీదా రెండు మాటలున్నాయి. కానీ ఈ వ్యాసానికి కావలసిన విషయం అది కాదు. లిండా చెప్పిన ప్రకారం, ఆ రోజు తాను గెలిచానని నమ్మిన బ్రూస్‌లీ సంతోషించలేదు. పోటీ అవసరానికి మించి సాగిందనీ, తనకు ఆయాసం వచ్చిందనీ తల పట్టుకుని కూర్చున్నాడు. విద్య వచ్చినంత మాత్రాన దేహం వచ్చినట్లు కాదని అతనికి తెలిసింది ఆనాడే.

ఇరవై నాలుగేళ్ళవాడు, గెలిచాననుకున్న నాడు, తన లోపాన్ని వెతుక్కోవడం సామాన్యమైన విషయం కాదు. అక్కడినుంచి అతను అడగడం మొదలుపెట్టాడు. పాఠశాలలో భాగస్వామి జేమ్స్ యిమ్ లీ బరువులెత్తిన అనుభవం ఉన్నవాడు. మిత్రుడు ఆలెన్ జో దేహదారుఢ్య పోటీలలో పేరు తెచ్చుకున్నవాడు. వాళ్ళ దగ్గర బరువుల పని నేర్చాడు. వ్యాయామ పత్రికలు కొని, పనికివచ్చే వ్యాసాలను కత్తిరించి దాచాడు. అతని సొంత గ్రంథాలయంలో రెండు వేలకు పైబడి పుస్తకాలుండేవట. మల్లయుద్ధం, పాశ్చాత్య బాక్సింగు, కత్తిసాము, తత్త్వశాస్త్రం, పోషకాహారం అన్నీ పక్కపక్కనే.

నేను జిరాక్సు తీయించిన చీటీ ఈ వెతుకులాట తొలి దశలోది. అంటే అది సిద్ధాంతం కాదు, ప్రయోగం. ఓక్లాండులో ఆయాసపడిన మనిషి, ఆరు నెలల తరువాత, తన గుద్దుకు తన చేతులకు ఏ బలం కావాలో కనుక్కోవడానికి వేసుకున్న లెక్క. తరువాత దాన్ని మార్చాడు, మళ్ళీ మార్చాడు. ఒకప్పుడు కదలని కమ్మీని బలమంతా పెట్టి తోసే స్థిర వ్యాయామాలు చేశాడు. ఇంకొకప్పుడు బాబ్ గాజ్డా ప్రచారం చేసిన పద్ధతిని పట్టుకున్నాడు. పై అవయవాలకొకటి, కింది అవయవాలకొకటి మార్చి మార్చి ఆగకుండా చేయడం దాని విశేషం. నెత్తురు ఒకచోట నిలవకుండా, గుండెకూ కండకూ ఒకేసారి పని కలిగేలా అన్నమాట. రోజూ పరుగు, తాడాట, నిలిచి ఉన్న సైకిలు తొక్కడం సరేసరి. ఇన్నిటి మధ్య మారనిది ఒక్కటే: రాసుకోవడం. 1968 నాటి దినచర్య పుస్తకాలలో ఏ రోజు ఎన్ని గుద్దులు, ఎన్ని తన్నులు, ఎంత పరుగు అన్నది గుమాస్తా పద్దు రాసినట్లు రాసుకున్నాడు.

అంటే నేను అనుకరించినది అతని పద్ధతిని కాదు. ఒకానొక వేసవిలో అతను వాడి, పక్కన పెట్టిన ఒక కాగితాన్ని.

* * *

ఆ పుస్తకంలోనే, మంచం మీద, నాకు గామా కనిపించాడు.

గామా పహిల్వాన్ పేరు వినని వారుండరు. పంజాబు మల్లుడు. 1910లో లండను వెళ్ళి, అమెరికా మల్లుడు బెంజమిన్ రోలరును పడగొట్టి, ఆ సెప్టెంబరు 10న పోలెండుకు చెందిన జ్బిస్కోతో తలపడ్డాడు. జ్బిస్కో రెండు గంటలకు పైగా నేలను కరచుకుని ఓటమి తప్పించుకున్నాడు. వారం తరువాత మళ్ళీ పోటీ పెడితే రానే లేదు. పతకం కట్టిన నడికట్టు గామాకే దక్కింది. 1928లో పాటియాలాలో అదే జ్బిస్కోను నిమిషంలోపే వెల్లకిలా పడవేశాడు. 1960లో లాహోరులో మరణించాడు. ఆయన రోజుకు తీసిన దండీల, బస్కీల సంఖ్య ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరుగా ఉంటుంది. వేలలో అన్న మాట మాత్రం అందరూ ఒప్పుకుంటారు. పాలు, నెయ్యి, బాదం గురించిన లెక్కలు కూడా అంతే.

గామా పోయేనాటికి బ్రూస్‌లీకి పంతొమ్మిదేళ్ళు. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగరు. కానీ గామా సాధనను గురించి వచ్చిన వ్యాసాలను బ్రూస్‌లీ సంపాదించి చదివాడనీ, అందులోనుంచి రెండు వ్యాయామాలను తన సాధనలో చేర్చుకున్నాడనీ జాన్ లిటిల్ రాశాడు. ఒకటి, పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్లు నడుము పైకెత్తి, ఛాతీ నేలకు రాచి, తల పైకి లేపే దండీ. రెండవది ఉత్తరాదిన బైఠక్ అంటారు. మనవాళ్ళు దాన్నే బస్కీ అంటారు.

ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి చాలాసేపు అలాగే పడుకున్నాను. తాతగారు పోయి అప్పటికి పన్నెండేళ్ళు. ఆయనకు ఇంగ్లీషు రాదు, పత్రికలు చదవలేదు. ఒక మనిషి నేలను ఎలా తొక్కి నిలబడ్డాడో చూసి చెప్పారు. అంతే.

ఈ విద్య మనకు కొత్తది కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో కూర్పించిన 'మానసోల్లాసం'లో మల్లవినోదమని ఒక ప్రకరణమే ఉంది. మల్లులను తరగతులుగా విభజించి, వారి సాధనను, వారికి పెట్టవలసిన తిండిని అందులో చెప్పారు. ఎవరికి ఏమి పెట్టాలన్నది మనిషిని బట్టి ఉంటుందన్న ఎరుక ఎనిమిది వందల ఏళ్ళ నాడే ఉన్నదన్నమాట. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు గామా కాలం వారే. శ్వాసను బిగబట్టి ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును తెంచారనీ, ఏనుగును ఛాతీ మీదికి ఎక్కించుకున్నారనీ మా ఉత్తరాంధ్ర బంధువుల ఇళ్ళలో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఆయన శాకాహారి అని ప్రతీతి. ఒకరిది మాంసం, పాలు, బాదం. మరొకరిది పప్పు, పెరుగు. బలానికి ఒకే పళ్ళెం లేదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలి?

ఇక బ్రూస్‌లీ గామా దగ్గర తీసుకున్నదేమిటో, వదిలినదేమిటో గమనించండి. బస్కీని తీసుకున్నాడు, కుస్తీని తీసుకోలేదు. తీసుకున్న బస్కీ కూడా అతని సాధనలో అనేకాలలో ఒకటి. మల్లునికి ఎదుటివాడి బరువును మోస్తూ గంటలసేపు నిలిచే తొడలు కావాలి. తన్నేవాడికి చటుక్కున లేచే తొడలు కావాలి. వ్యాయామం ఒకటే, ప్రయోజనం వేరు. ప్రయోజనం మారితే కొలత మారుతుంది.

* * *

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువ కదిలించిన భాగం 1970 ఆగస్టు నాటిది.

'గుడ్ మార్నింగ్' అని ఒక వ్యాయామం ఉంది. బరువున్న కమ్మీని భుజాల వెనుక పెట్టుకుని, నమస్కారం చేస్తున్నట్లు నడుము దగ్గర ముందుకు వంగి లేవాలి. ఆ రోజు బ్రూస్‌లీ 125 పౌండ్ల కమ్మీతో, అంటే దాదాపు తన ఒంటి బరువుకు సమానమైన బరువుతో, ఒళ్ళు వేడెక్కించుకోకుండా అది చేశాడు. వెన్ను అడుగుభాగంలోని నాడి దెబ్బతిన్నది. ఇక తన్నడం కుదరదని వైద్యులు చెప్పారు. ఇంట్లో ఐదేళ్ళ కొడుకు, ఏడాది దాటిన కూతురు. సంపాదన లేదు. లిండా ఉద్యోగానికి వెళ్ళవలసి వచ్చింది.

నెలల తరబడి మంచం మీద ఉండి అతను చేసిన పని చదవడం, రాయడం. బాక్సింగు, కత్తిసాము, శరీర చలనం మీద రాసుకున్న ఆ నోట్సులో చాలా భాగం అతని మరణం తరువాత 1975లో 'టావో ఆఫ్ జీత్ కునే డో' అనే పుస్తకంగా వచ్చింది. కొంచెం కొంచెంగా లేచి నడిచి, మళ్ళీ సాధన మొదలుపెట్టాడు. 'ది బిగ్ బాస్' 1971లో, 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ', 'వే ఆఫ్ ది డ్రాగన్' 1972లో వచ్చాయి. మా టూరింగు టాకీసులో మేము ఈలలు వేసిన వీపు, ఇక తన్నలేవని చెప్పించుకున్న తరువాతి వీపు. ఆ నొప్పి అతన్ని పూర్తిగా వదలనూ లేదు.

అతను సామాన్యుడు కాడు. దేహాన్ని అంతగా ఎరిగినవాడు, రోజూ పద్దు రాసుకున్నవాడు, ఒక్క పొద్దున ఒళ్ళు వేడెక్కించుకోవడం అనే ఒక్క మెట్టు దాటవేసినందుకు ఇంత చెల్లించాడు. మరి నేనెంత? నా నడుము నొప్పికి నేను అప్పటిదాకా దురదృష్టాన్ని నిందిస్తూ ఉన్నాను. ఆ పేజీ చదివాక మానుకున్నాను.

* * *

ఇక తిండి సంగతి. మా మేనల్లుడి ఫోనులో ఉన్న పట్టికలో సగం ఇదే.

బ్రూస్‌లీ ఇంటి తిండి ప్రధానంగా చైనా వంట: అన్నం, కూరగాయలు, చేప, కోడి, మాంసం, సోయా పనీరు. రెండు మూడు భారీ భోజనాల కంటె నాలుగైదు చిన్న భోజనాలు ఇష్టపడేవాడు. బేకరీ సరుకును, మైదాను, పంచదార తీపిని దూరం పెట్టేవాడు. దేహానికి ఏ పనీ చేయని తిండి ఎందుకన్నది అతని వాదం. వాటికి తోడు, పొడి పాలు, గుడ్లు, అరటిపండు, వేరుశెనగ ముద్ద, గోధుమ మొలక పొడి వంటివి కలిపి గిలకొట్టిన పానీయం, కారట్, ఆపిల్, సెలరీ రసాలు, తేనె, జిన్‌సెంగ్. ఆ కాలపు అమెరికా వ్యాయామ పత్రికలలో ప్రచారమైన సరుకూ, ఆ చైనా ఇంటి వంటా ఒకే పళ్ళెంలో కలిశాయి. వ్యాయామంలాగే ఇదీ ఏరుకున్నదే.

అయితే ఈ పళ్ళెం ఎవరిది? రోజులో చాలా గంటలు సాధన చేసే, ముప్పై ఏళ్ళ, అరవై కిలోల యోధునిది. 1973 మే 10న అతను హాంకాంగులో డబ్బింగు గదిలో కుప్పకూలాడు. మెదడు వాచిందన్నారు. జులై 20న ఒక నొప్పి మాత్ర వేసుకుని పడుకున్నవాడు లేవలేదు. వయసు 32. మెదడు వాపే కారణమని, ఆ మాత్ర పడకపోవడంవల్ల వచ్చి ఉంటుందని ఆనాటి విచారణ తేల్చింది. 2022లో కొందరు వైద్య పరిశోధకులు మరొక ఊహను ముందుకు తెచ్చారు. ద్రవాహారం, రసాలు, నీరు మితిమీరి, మూత్రపిండాలు ఆ నీటిని బయటికి పంపలేక, రక్తంలో సోడియం పడిపోయి ఉండవచ్చునని. అది ఊహే, నిర్ధారణ కాదు. కానీ అతని చివరి రోజుల ఆహారాన్ని కళ్ళకద్దుకుని అనుకరించేవారు ఒక్క క్షణం ఆగడానికి ఆ ఊహ చాలు.

అతని సరుకుల జాబితాను పక్కన పెట్టి, అతని ప్రశ్నను మాత్రం నా పళ్ళేనికి వేశాను: ఇందులో నా దేహానికి పనిచేసేది ఎంత? జవాబుకు అమెరికా పత్రికల దాకా పోనక్కరలేదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మనకుంది. 2020లో ఆ సంస్థ ఇచ్చిన సిఫారసు ప్రకారం పెద్దవారికి కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నా 64 కిలోలకు దాదాపు 53 గ్రాములు. ఒక వారం నేను తిన్నదంతా రాసి లెక్కవేస్తే ముప్పై ఐదు దాటలేదు. కారణం మీరూ ఊహించగలరు. మన పళ్ళెంలో అన్నం కొండ, పప్పు ఆ కొండ మీది మబ్బు.

నూరు గ్రాముల కందిపప్పులోగానీ, ఉలవలలోగానీ ఇరవై రెండు గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. గుడ్డుకు ఆరు గ్రాములు. కనుక నేను కొన్నది పొడి డబ్బా కాదు. అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు ఒక గరిటె పెంచాను. సాయంత్రం బిస్కట్ల చోట వేయించిన శెనగలు వచ్చాయి. వారానికి రెండుసార్లు ఉలవచారు అడుగున మిగిలే ఉలవలను పారవేయకుండా గుగ్గిళ్ళు చేయమన్నాను. మా ఆవిడ, "దీనికి బ్రూస్‌లీ కావలసి వచ్చాడా? మా అమ్మమ్మ చెప్పేది" అన్నది. నిజమే. మనకు కావలసినది ఇంట్లోనే ఉన్నా, పక్క ఊరివాడు చెబితే గాని వినబుద్ధి కాదు.

* * *

వ్యాయామానికి లక్ష్యం ఏమిటన్నది నాకు తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. నడుము దెబ్బ తరువాత పదేళ్ళు ఏమీ చేయలేదు. 2014లో మా నాన్నగారు సత్యనారాయణ వ్రతం పీటల మీద కూర్చుని లేవలేకపోయారు. ఇద్దరం చెరొక రెక్క పట్టుకుని లేపాం. డెబ్బై రెండేళ్ళకే. తాతగారు ఎనభైలో చేయి ఆన్చకుండా లేవడం నేను కళ్ళారా చూశాను. నాన్నగారు కుర్చీ ఉద్యోగం చేశారు, నేనూ చేస్తున్నాను. ఆ రాత్రి పడుకునే ముందు నేలమీద కూర్చుని లేచి చూసుకున్నాను. మంచం కోడు పట్టుకోవలసి వచ్చింది. అప్పటికి నాకు నలభై. ఆ ఏడాదే రక్తపరీక్షలో చక్కెర గీత దగ్గర ఉన్నదని తెలిసింది.

అలా నా లక్ష్యం తేలింది. ఆ వీపు నాకు రాదు, అక్కరలేదు. ఎనభై ఏళ్ళకు నేలమీద నుంచి చేయి ఆన్చకుండా లేవాలి. చక్కెర గీత దాటకూడదు. ఈ రెండూ చీటీ మీద రాసి పద్దు పుస్తకం మొదటి పేజీలో అంటించాను.

వైద్యుణ్ణి అడిగి, కిటికీ ఊచలు పట్టుకుని ఐదు బస్కీలతో మొదలుపెట్టాను. అంతకుముందు పది నిమిషాల నడక, ఒళ్ళు వేడెక్కడానికి. దాన్ని ఇంతవరకు ఒక్కరోజు కూడా దాటవేయలేదు. మొదటి నెల పూర్తిగా కిందికి దిగలేదు. ఆరో నెలకు ఊచలు వదిలాను. దండీలు కూడా ప్రయత్నించాను గాని, ఎడమ భుజం ఒప్పుకోలేదు. పద్దులో మూడు వారాలు వరుసగా 'భుజం నొప్పి' అని రాసి ఉండడం చూసి మానేసి, గోడకు చేతులానించి తోయడం పట్టుకున్నాను. బరువుల జోలికి మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు రోజుకు రెండు విడతలుగా అరవై బస్కీలు, నాలుగు కిలోమీటర్ల నడక. మూడు నెలల సగటు చక్కెర 6.2 నుంచి 5.8కి వచ్చి అక్కడే ఆగింది. ఇంకా గీత మీదే ఉన్నాను. కానీ నేలమీద నుంచి చేయి ఆన్చకుండా లేస్తున్నాను.

గామా వేలకు ముందు అరవై ఏపాటి? కానీ గామా గోదాలో దిగాలి, నేను పీటల మీద నుంచి లేవాలి. ఎవరి లెక్క వారిది. పనికివచ్చేది తీసుకుని, రానిది వదిలి, తనకు తగినది కలుపుకోవాలన్నది బ్రూస్‌లీ తన విద్యకంతటికీ పెట్టుకున్న సూత్రం. ఆ సూత్రాన్ని మెచ్చుకుంటూ అతని చీటీని మాత్రం అక్షరం పొల్లుపోకుండా పాటించడం కంటె విచిత్రం ఉండదు. నేను మూడు వారాలు మంచం మీద ఉండి నేర్చుకున్నది ఇంతే.

ఇదంతా చెప్పాక మా మేనల్లుడు కాసేపు ఊరుకుని, "అయితే బ్రూస్‌లీ రోజుకు ఎన్ని బస్కీలు తీసేవాడు మావయ్యా?" అన్నాడు.

కుర్రతనం. నేనూ అంతే గదా.

"అది తరవాత. ముందు నడిచి రా, తిరిగివచ్చి నువ్వెన్ని తీయగలవో చూడు" అని, వాడని పద్దు పుస్తకం ఒకటి తీసి చేతికిచ్చాను. ఇరవై రెండు తీశాడు. మొదటి పేజీలో తేదీ వేసి, పక్కన ఆ అంకె రాసుకున్నాడు.